చెక్కగోడ చప్పుడు

ప్రెస్కాట్ హేల్ మా ఇంటి మెట్లెక్కడం అదే మొదటిసారి. అంతకుముందు ఎన్నికలప్పుడు మా వీధికి వచ్చేవాడు, అదీ కారు అద్దం దించి చెయ్యి ఊపడానికే. ఆ రోజు మాత్రం టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, వరండాలో నా ఎదురుగా కూర్చున్నాడు. నేను గంబో పులుసులోకి బెండకాయలు తరుగుతున్నాను. చేతిలో కత్తి ఉంది కదా అని లేవలేదు.

"ఎలా ఉన్నావు వెర్డెల్?" అన్నాడు.

నాకు డెబ్బై దాటాయి. అతను పుట్టినప్పుడు వాళ్ళమ్మ పక్కబట్టలు ఉతికినదాన్ని. అయినా మా లారెల్ పాయింట్‌లో తెల్లవాళ్ళు మమ్మల్ని ఒట్టి పేరుతో పిలుస్తారు, మేం వాళ్ళని గారూ అంటాం. 1993 వచ్చినా అది మారలేదు.

"బాగానే ఉన్నాను హేల్ గారూ. నన్ను మిసెస్ టాలివర్ అంటారు."

"అవునవును, మిస్ వెర్డెల్," అని సగం దిద్దుకున్నాడు.

జేబులోంచి పత్రిక ముక్క తీసి నా బెండకాయల పక్కన పెట్టాడు. అందులో ఉన్నది నేనే. కిందటి వసంతంలో రేడియో స్టేషన్ ముందు అట్ట పట్టుకుని నిలబడినప్పటి ఫొటో. అట్ట మీద నా చేతిరాత: "మా ఆడపిల్లలకు తొడలే కాదు, పేర్లూ ఉన్నాయి."

ఆ అట్ట ఒక పాట గురించి. అట్లాంటా నుంచి మా కుర్రవాడే ఒకడు, నల్లపిల్లవాడు, పాడాడు. ఆ ఏడు ప్రతి కారులోంచీ అదే వినిపించేది. ఆ పాటలో ఆడదానికి నడుముంది, పిరుదులున్నాయి, వెల కూడా ఉంది. తల లేదు. మా చర్చి ఆడవాళ్ళం ఆ పాట ఆపమని స్టేషన్‌కి వెళ్ళి అడిగాం. వినలేదు. అందుకే ఎండలో నిలబడ్డాం.

"నీ ధైర్యం చూసి ముచ్చటేసింది," అన్నాడు హేల్. "ఈ పాటలు ఊరికి పట్టిన చీడ. మంగళవారం కౌన్సిల్లో తీర్మానం పెడుతున్నాను. ఇలాంటివి వేసే చోటు ఊళ్ళో ఉండకూడదు. నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పు, చాలు. మీవాళ్ళలోంచే ఒక పెద్దావిడ చెబితే దాని బరువు వేరు."

"ఏ చోటు హేల్ గారూ?"

"ఇంకేది? ఆ స్కేటింగ్ రింకు."

కత్తి నా వేలికి తగిలింది. పెద్ద గాయం కాదు. కానీ బెండకాయ జిగురులో నెత్తురు కలవడం చూస్తూ ఉండిపోయాను. చక్రాల బూట్లు కట్టుకుని పాటలకు గుండ్రంగా తిరిగే ఆ రింకు కోర్లిస్‌ది. కోర్లిస్ మా చెల్లెలి కూతురు, నేను పెంచిన పిల్ల. మా వీధిలో కుక్కలకు కూడా తెలిసిన ఆ సంగతి ఆయనకు తెలియదు. ఇంటిపేర్లు వేరు కదా.

"వస్తాను," అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు.

ఆయన వెళ్ళాక ఫొటో తీసి చూసుకున్నాను. అట్టకు రెండో వైపు కూడా నేను రాశాను. ఆ రేడియో స్టేషన్ ఇంకో పాట కూడా వేసేది. తెల్లకుర్రాళ్ళ బ్యాండు పాట. పదహారేళ్ళ పిల్లను లారీ వెనక ఎక్కించుకుని పోయి ఏం చేస్తామో గిటార్లు వాయిస్తూ చెప్పే పాట. ఏటా ఆగస్టులో పడవల ఉత్సవం ఆ పాటతోనే మొదలవుతుంది. దాని గురించి రెండో వైపు రాశాను: "పదహారేళ్ళ పిల్ల మీ లారీలో సామాను కాదు." పత్రిక కుర్రవాడు రెండు వైపులా ఫొటో తీసుకున్నాడు. ఒకటే వేశారు. ఫోన్ చేసి అడిగితే చోటు సరిపోలేదన్నారు.

*

నాకు భయం ఎక్కువ. ఇల్లు తాళం వేసి సగం దూరం నడిచి, పొయ్యి ఆర్పానో లేదో అని వెనక్కి వస్తాను. మనుషులు వెళ్ళిపోవడం చూసి చూసి ఇలా అయ్యానని కోర్లిస్ అంటుంది. మా అన్న ఏమస్ షికాగో రైలెక్కాడు. నా మొగుడు లూసియస్ ఓడలు కట్టే పనికని కాలిఫోర్నియా వెళ్ళాడు. చెల్లెలు ఓజెల్లా ఒక అట్టపెట్టెనూ ఆరేళ్ళ కోర్లిస్‌నూ నా గుమ్మంలో దింపి, డెట్రాయిట్‌లో కుదురుకోగానే కబురు పెడతానంది. అందరూ వెళ్ళొస్తామనే అన్నారు. ఆ మాట వింటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

కోర్లిస్ మాత్రం వెళ్ళలేదు. రొయ్యలు డబ్బాల్లో కూరే పాత షెడ్డు ఖాళీగా పడి ఉంటే, చర్చి మగవాళ్ళను పోగేసి కడిగించి, నేలంతా చెక్క పరిపించి, చుట్టూ నడుమెత్తు చెక్కగోడ కట్టించి రింకు తెరిచింది. నా చిన్నతనంలో ఊళ్ళో ఉన్న రింకులోకి నల్లవాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. బయట నిలబడి చక్రాల చప్పుడు వినేవాళ్ళం.

ఆ శుక్రవారం సాయంత్రం కోర్లిస్‌కి సంగతి చెబుదామని వెళ్ళాను. నేను నోరు తెరవకముందే గుమ్మంలో కెమెరా పట్టుకుని ఒకతను కనిపించాడు.

"టీవీ వాళ్ళట పెద్దమ్మా!" అంది కోర్లిస్, మొహం వెలిగిపోతూ. "మన రింకు చూపిస్తారంట. నీ ఎర్ర జాకెట్టు బాగుంది, అక్కడే కూర్చో, కనిపిస్తావ్."

చెప్పలేకపోయాను. చెక్కగోడ వెనక బల్ల మీద కూర్చున్నాను, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని. పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ గుండ్రంగా తిరుగుతున్నారు. పాటలు వేసేది లమార్కస్ అనే కుర్రవాడు. ఎవరు ఏ పాట అడిగితే అది వేసేస్తాడు, కాదనడం చేతకాదు. ఎవరో అడిగారు. ఆ అట్లాంటా పాట మొదలైంది.

మా రింకులో దానికో పద్ధతి ఉంది. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. ఆడదాన్ని తక్కువ చేసే పాట పడితే ఆడవాళ్ళు ఎవరితోనూ వాదించరు. నేల వదిలేసి వచ్చి గోడ వెనక బల్లల మీద కూర్చుంటారు. కూర్చుని, చక్రాల బూట్లతో ఎదురుగా ఉన్న చెక్కగోడను కొడతారు. అందరూ ఒకే దెబ్బ. పాట తాళానికి కాదు, దానికి అడ్డంగా. లోపల మగవాళ్ళు మాత్రమే మిగిలి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ తిరుగుతారు. అంతకంటే వెర్రి దృశ్యం ఇంకోటి ఉండదు. పాట ఆగేదాకా గోడ చప్పుడు ఆగదు. ఆగాక, ఆ పాట వేసినవాడు నేల మీద ఒంటరిగా ఒక రౌండు వెనక్కి వెనక్కి స్కేటింగ్ చేసి, ఆడవాళ్ళకు తలవంచాలి. అప్పుడే మళ్ళీ లోపలికి వస్తారు.

ఆ సాయంత్రం మోజెల్ క్రేన్ నా పక్కన కూలబడి, బూటుతో గోడను తన్నుతూ అరిచింది: "ఒరే లమార్కస్! మీ అమ్మ కూడా ఇక్కడే ఉందిరా! ఆమె కొలతలు కూడా పాడించు!"

"అది నేను రాసిన పాట కాదు మిస్ మోజెల్!"

"వండింది నువ్వు కాకపోతే వడ్డించింది ఎవర్రా?"

లమార్కస్ వాళ్ళమ్మ అందరికంటే గట్టిగా కొడుతోంది. నేను చేతికర్రతో కొట్టాను. కెమెరా అతను వంగి వంగి అంతా తీసుకున్నాడు. పాట ఆగింది. లమార్కస్ వెనక్కి తిరుగుతూ మూల దగ్గర పడ్డాడు. రింకంతా నవ్వింది. అది తీయడానికి కెమెరా అతను లేడు. అప్పటికే వెళ్ళిపోయాడు.

జనం తగ్గాక చెప్పాను. కోర్లిస్ చేతిలోని బూట్లు కింద పెట్టింది.

"నిన్ను సాక్ష్యం పిలిచాడా? నా మీదికి?"

"నువ్వెవరో తెలియక పిలిచాడు."

"మరి ఏం చెప్తావ్ పెద్దమ్మా? ఆ పాట మంచిదని చెప్తావా?"

"అది నా నోటినుంచి రాదే."

"చెడ్డదని చెప్తే మూసేస్తారు." చెక్కగోడ మీద చెయ్యి వేసి నిమిరింది. "మూసేస్తే నేనిక్కడ ఉండలేను. రోజూ దీని ముందునుంచి నడవలేను. హ్యూస్టన్‌లో నా స్నేహితురాలు రమ్మంటూనే ఉంది."

నా చేతులు చల్లబడ్డాయి. కోపంతో అనలేదది. నెమ్మదిగా అంది. ఓజెల్లా కూడా అలాగే, నెమ్మదిగానే అంది.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వంటింట్లో ముగ్గురం మిగిలాం. నేను, మోజెల్, యులాలీ బాటిస్ట్. యులాలీ మా చర్చిలో తెల్ల చేతితొడుగులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడే పెద్ద. ఆమె వేలు ఎటు చూపిస్తే పాస్టర్ కూడా అటే కూర్చుంటాడు.

"వెళ్ళకు," అంది మోజెల్, కోడి ముక్కలు పిండిలో దొర్లిస్తూ. "జ్వరం వచ్చిందని చెప్పు. మన పిల్లల తప్పులు తెల్లవాళ్ళ ముందు విప్పితే వాళ్ళు ఆ తప్పులే చూస్తారా? మన పిల్లల్నే చూస్తారు."

"మరి మన ఆడపిల్లల సంగతో? ఎవరి ముందూ చెప్పకుండా ఎన్నాళ్ళు మింగుతాం?"

"మింగమన్నానా? గోడ కొడుతున్నాంగా!"

"గోడకి చెవులుంటే ఈపాటికి అది చచ్చేది."

"అయితే వెళ్ళి పాటని పొగుడు. పొగిడావంటే మాత్రం నీ పక్కన బెంచీ మీద కూర్చోను. నీ నిమ్మకాయ కేకు కూడా తినను."

"నా కేకు తినకుండా నువ్వు ఈస్టర్ దాకా బతకవు."

యులాలీ బంగాళాదుంప సలాడ్ మీద గుడ్లు సర్దుతోంది. సర్దడం అయ్యాక అంది: "వెర్డెల్, వాళ్ళు పిలిచింది నీ మాటలో సగాన్ని. నువ్వు మొత్తం పట్టుకెళ్ళు."

"అంటే?"

"ఆ అట్ట ఇంకా ఉందా?"

ఉంది. మంచం కింద. నేను ఏదీ పారెయ్యను.

*

మంగళవారం బయలుదేరి, పొయ్యి గుర్తొచ్చి వెనక్కి వెళ్ళి, మళ్ళీ బయలుదేరాను. టౌన్ హాలు చేరేసరికి బెంచీలు నిండిపోయాయి. నడవాకి ఒక పక్క మావాళ్ళు, మరో పక్క తెల్లవాళ్ళు. ఎవరూ చెప్పరు, అలాగే కూర్చుంటారు. మా పక్క ముందు వరసలో యులాలీ, చేతితొడుగులతో సహా. కోర్లిస్ గోడకు ఆనుకుని నిలబడింది, చేతులు కట్టుకుని.

వేదిక వెనక గోడకు ఆ ఏటి పడవల ఉత్సవం పోస్టరు అంటించి ఉంది. రొయ్యల పడవ ముక్కు మీద ఈతబట్టలు వేసుకున్న ఒక అమ్మాయి పడుకుని ఉంటుంది. తల బొమ్మలోకి రాలేదు. మెడ దగ్గర కోసేసినట్టు కాగితం అయిపోయింది. కింద ఊరి ముద్ర. ఉత్సవం కమిటీ అధ్యక్షుడు, పేరు ప్రెస్కాట్ హేల్. ఆ కాగితాన్ని మేమంతా వేసవి పొడుగునా ప్రతి కొట్టు కిటికీలోనూ చూస్తూనే ఉన్నాం. ఆ గదిలో చూసేసరికి మాత్రం నా వేళ్ళలోకి వెచ్చదనం వచ్చింది.

మేయర్ ఫిచ్ భోజనం వేళ మించిపోతున్న మనిషిలా కూర్చున్నాడు. హేల్ లేచి చాలా మాట్లాడాడు. కుటుంబం, పిల్లలు, విలువలు అన్నాడు. మా అబ్బాయిల సంగీతంలో ఆడవాళ్ళను చూసే తీరు ఏదో రక్తంలోంచి, వీధుల్లోంచి వస్తుందన్నాడు. "ఆ సంస్కృతే అలాంటిది," అన్నాడు. "నేను చెప్పడం ఎందుకు? మీరే చూడండి."

టీవీ తోసుకొచ్చారు. శుక్రవారం కెమెరా అతను తీసిన టేపు పెట్టారు.

మా రింకు. ఆ పాట. వరసగా కూర్చుని చెక్కగోడను దబదబా కొడుతున్న మా ఆడవాళ్ళు. నోరంతా తెరిచి అరుస్తున్న మోజెల్. చేతికర్ర ఎత్తి కొడుతున్న ఎర్ర జాకెట్టు ముసలిది.

"చూశారా," అన్నాడు హేల్, గొంతు తగ్గించి, చావు కబురు చెబుతున్నట్టు. "ఆ పాట చెవిన పడేసరికి ఆడవాళ్ళే ఎలా ఒళ్ళు మరిచి ఊగిపోతున్నారో చూడండి. అమ్మమ్మలు కూడా. ఆ చోటు వాళ్ళను ఇలా తయారు చేసింది."

మాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత మోజెల్ ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. పెదాలు బిగించింది కానీ ఆగలేదు. ఆమె నుంచి పక్కావిడకు, పక్కావిడ నుంచి వెనక బెంచీకి పాకి, మా సగం గదంతా నవ్వులో పడిపోయింది. లమార్కస్ వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. గోడ దగ్గర కోర్లిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శుక్రవారం తర్వాత ఆమె మొహం విప్పారడం అదే మొదలు.

మేయర్ సుత్తితో బల్ల కొట్టాడు. "ఏమిటా నవ్వు? సాక్షి ఎవరు? వెర్డెల్ టాలివర్, రా."

అట్ట చంకలో పెట్టుకుని మైకు దగ్గరికి వెళ్ళాను.

"మేయర్ గారూ, టీవీలో ఎర్ర జాకెట్టు ముసలిది నేనే."

"నువ్వా?" అని అద్దాలు సరిచేసుకున్నాడు.

"నేనే. అక్కడ ఎవరూ ఊగిపోవట్లేదండి. ఆ పాట మాకు ఇష్టం లేదని కొడుతున్నాం. మా రింకులో అలాంటి పాట పడితే ఆడవాళ్ళు నేల వదిలేసి వచ్చి గోడ కొడతారు. పాట ఆగేదాకా కొడతారు. ఆ రోజు కూడా ఆగింది. ఆగిన ముక్క టేపులో లేదు."

"అంటే..." మేయర్ టీవీ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "అదంతా అభ్యంతరమా?"

"అభ్యంతరమేనండి. మేం వద్దంటుంటే మీరు సంబరం అనుకున్నారు."

తెల్లవాళ్ళ పక్కనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. హేల్ మెడ ఎర్రబడింది. అయినా తేరుకున్నాడు. "సరే మిస్ వెర్డెల్, మంచిదే. అంటే ఈ పాట నీచమైనదని నువ్వూ ఒప్పుకుంటున్నట్టేగా? అది చెప్పు చాలు."

"చెప్తాను. అందుకే వచ్చాను." అట్ట తీసి ఎత్తి పట్టుకున్నాను. "ఆ పాట చెడ్డది. మా అబ్బాయే పాడాడు. అయినా చెడ్డదే. మా ఆడపిల్లల్ని ముక్కలుగా కోసి అమ్మే పాట. వాడి మొహం మీదే చెప్తాను. మా చర్చిలో చెప్పాను, రేడియో ముందు చెప్పాను, రింకులో కర్రతో చెప్పాను."

"విన్నారుగా!" అన్నాడు హేల్.

"ఇంకా అయిపోలేదండి. మీరు చూపించిన ఫొటోలో ఈ వైపే ఉంది." అట్ట తిప్పాను. గది చదివింది. పదహారేళ్ళ పిల్ల మీ లారీలో సామాను కాదు. "అదే రేడియో వేసిన పాట ఇది. మీ ఉత్సవం దీంతోనే మొదలెడతారు. దీని మీద కూడా మీ తీర్మానం ఉంటుందనుకుని వచ్చాను. ఉందా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

"అది... అది పాత పాట. సరదా పాట. దాన్ని ఎవరూ అంత పట్టించుకోరు."

"నేను పట్టించుకున్నాను. నాకు అందులో పిల్ల పదహారేళ్ళదని వినిపించింది." గోడ మీది పోస్టరు వైపు కర్ర చూపించాను. "ఆ అమ్మాయి తల ఎక్కడుంది హేల్ గారూ?"

తలలన్నీ అటు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఎవరూ వెతకలేదేమో, ఇప్పుడు వెతికారు.

"ఉత్సవం కుటుంబాలు వచ్చేది," అన్నాడు హేల్. గొంతు పెరిగింది. "అక్కడ తడి బనీన్ల పోటీలో ఆడపిల్లలు వాళ్ళంతట వాళ్ళే స్టేజీ ఎక్కుతారు. ఎవరూ బలవంతం చెయ్యరు!"

"మా అబ్బాయిల వీడియోల్లో అమ్మాయిలు కూడా వాళ్ళంతట వాళ్ళే ఎక్కారంటారండి. అప్పుడు మీరేమన్నారు? సంస్కృతి అన్నారు, రక్తం అన్నారు. మావాడు పాడితే మా జాతంతా బోనెక్కాలి. మీవాడు పాడితే ఒక పాట, కాస్త సరదా. ఆడదాని మీద గౌరవమైతే అది రంగు చూసి రాదు కదండీ. నాకు గౌరవం కావాలి. రెండు వైపులా కావాలి. ఒక వైపే ఇస్తానంటే అది నాకిచ్చే గౌరవం కాదు, నా చేత మావాళ్ళను కొట్టించే కర్ర. నా కర్ర నాకుంది."

"అది ఒట్టి సరదా, వెర్డెల్!" అని అరిచాడు హేల్.

అప్పుడు వినిపించింది. ఠక్.

యులాలీ. తెల్ల తొడుగుల చేతులు ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా కూర్చుని, ఎదురుగా ఉన్న చెక్క అడ్డును చెప్పు మడమతో ఒక్క దెబ్బ కొట్టింది. మళ్ళీ కొట్టింది. మోజెల్ అందుకుంది. వెనక బెంచీలు అందుకున్నాయి. చక్రాలు లేవు, ఉత్త చెప్పులే. అయినా అదే దెబ్బ. టౌన్ హాలు చెక్క మా రింకు చెక్క కంటే మంచిది, బాగా మోగింది. టీవీలో ఊగిపోతున్నారని చూపించిన ఆడవాళ్ళే ఆయన కళ్ళ ముందు కూర్చుని మళ్ళీ వద్దంటున్నారు. ఈసారి గదిలో ఎవరికీ అర్థం చెప్పక్కర్లేకపోయింది.

మేయర్ సుత్తి కొట్టాడు. అది మా దెబ్బలో కలిసిపోయింది.

అప్పుడు నడవా అటుపక్కనుంచి ఒకావిడ లేచింది. డార్లీన్ అని, రేవు దగ్గర ఆల్చిప్పల హోటల్లో వడ్డిస్తుంది, తెల్లావిడ. నాకు మొహం తెలుసు, అంతే.

"నేను ఎక్కాను ఆ స్టేజీ," అంది. "పంతొమ్మిదేళ్ళప్పుడు. ఎక్కకపోతే హోటల్లో పని ఉండదన్నారు. తెల్ల బనీను వేసి నిలబెట్టారు. నా మీద బకెట్టు నీళ్ళు పోసింది నువ్వే ప్రెస్కాట్. మర్చిపోయావా? మా నాన్న కూడా జనంలో ఉన్నాడు."

ఆమె కూర్చుంది. చెప్పు ఊడదీసి, దాంతో ఎదురు బెంచీని కొట్టింది. దెబ్బ కొంచెం తప్పింది. మోజెల్ మెడ తిప్పి చూసి, ఆమెకు అందేలా తన దెబ్బ గట్టిగా, నిదానంగా కొట్టింది. రెండోసారికి డార్లీన్‌కు కుదిరింది. ఆమె పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు కలిశారు. ఒకావిడ మొగుడు చెయ్యి పట్టుకుని ఆపబోతే విదిలించింది.

కౌన్సిల్లో మావాడు ఒక్కడే, ఓటిస్ ప్రూయిట్. అంత్యక్రియలు చేయించే కొట్టు నడుపుతాడు, జీవితంలో గొంతు పెంచి ఎరగడు. ఆ చప్పుడు మధ్యలో చెయ్యెత్తాడు. చప్పుడు ఆగింది.

"చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను," అన్నాడు, ఎప్పటిలాగే శవం నిద్ర లేస్తుందేమో అన్నంత మెల్లిగా. "తీర్మానంలో స్కేటింగ్ రింకు అని ఉన్నచోట, ఊళ్ళో ఏ చోటైనా, ఏ వేదికైనా, ఏ పోస్టరైనా అని మార్చుదాం. పడవల ఉత్సవంతో మొదలుపెడదాం. హేల్ గారికి అభ్యంతరం ఉండదనుకుంటాను. విలువలు ఆయనవే."

హేల్ కాగితాలు సర్దుకున్నాడు. సర్దినవాటినే మళ్ళీ సర్దాడు. పోస్టరు అతని వీపు వెనక, తల లేకుండా.

"తీర్మానం వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు.

"ఏది?" అన్నాడు మేయర్. నిజంగానే వినబడలేదేమో.

"వెనక్కి తీసుకుంటున్నానన్నాను!"

హాలు కప్పు లేచిపోయింది. మోజెల్ నా మెడ పట్టుకుని ఊపుతుంటే నా అట్ట నలిగిపోయింది. కోర్లిస్ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చిన్నప్పుడు ఉరుములకు భయపడి చేసినట్టు నా జాకెట్టు అంచు పట్టుకుని నిలబడింది.

బయటికి వస్తుంటే మెట్ల మీద హేల్ ఎదురయ్యాడు. తప్పించుకుని పోబోయి, ఆగాడు.

"గుడ్ ఈవెనింగ్, మిసెస్ టాలివర్," అన్నాడు, నేల చూస్తూ.

"గుడ్ ఈవెనింగ్, హేల్ గారూ."

"అంతేనా? ఒక తిట్టు కూడా లేదా?" అంది మోజెల్, ఆయన వెళ్ళాక.

"మిసెస్ అని పిలిచాడే. ఇవాళ్టికి అతనికి అదే కష్టం."

*

ఆగస్టులో డార్లీన్, ఆమెతో పనిచేసే ఆడవాళ్ళు ఉత్సవం స్టేజీ ముందు నిలబడ్డారు. మేమూ వెళ్ళాం. బకెట్లు తెచ్చారు, పాట పెట్టారు. మేం స్టేజీ చెక్కలు కొట్టడం మొదలుపెట్టాం. మొదట ఒక అమ్మాయి దిగి వచ్చింది, తర్వాత మరొకతె. చివరికి స్టేజీ మీద బకెట్లూ, బకెట్ల పక్కన ఏం చెయ్యాలో తెలియని మగవాళ్ళూ మిగిలారు. అంతకంటే వెర్రి దృశ్యం ఉండదని ముందే చెప్పాను. ఆ మరుసటి ఏడు పోస్టరు మీద పడవ ఒక్కటే వేశారు. మంచి పడవ.

మా పని కూడా మిగిలే ఉంది. లమార్కస్ ఇప్పటికీ ఎవరో అడిగారని అలాంటి పాట ఒకటి వేస్తూనే ఉంటాడు. మేం గోడ కొడుతూనే ఉంటాం. వెనక్కి తిరిగే రౌండులో వాడిప్పుడు పడడు. అభ్యాసం అలాంటిది మరి.

టౌన్ హాల్లో గెలిచిన ఆ వారం శుక్రవారం సాయంత్రం నేను రింకులో గోడ వెనకే కూర్చున్నాను. కోర్లిస్ బూట్ల తాళ్ళు బిగించుకుంటోంది. తెరిచిన రోజు నుంచి టికెట్లు, బూట్లు, లైట్లు అంటూ ఆమె తన రింకులో తానే తిరగలేదు.

"హ్యూస్టన్ నుంచి ఫోన్ వచ్చింది," అంది. "ఇక్కడ పని ఉందని చెప్పేశాను."

నేను తల ఊపాను.

ఆమె లేచి గోడ పట్టుకుని నిలబడింది. "ఒక్క రౌండు వెళ్ళొస్తా పెద్దమ్మా."

ఆ మాటకు చేతులు చల్లబడబోయాయి. చెక్కగోడ పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. పోయింది. దూరపు మూల దగ్గర జనంలో కలిసి కనిపించకుండా పోయింది. లేచి నిలబడ్డాను. అటువైపు నుంచి వంపు తిరిగి, జుట్టు ఎగురుతూ, నవ్వుతూ, నా ముందుకే వచ్చింది. వచ్చి చెయ్యి ఊపి మళ్ళీ వెళ్ళింది.

మళ్ళీ వచ్చింది.

"చాలా పెద్దమ్మా?" అని అరిచింది నా ముందునుంచి పోతూ.

"ఇంకో రౌండు!" అని అరిచాను.